గుహ పలికిన రోజు

మొన్న జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలులో వ్యాపారులకు శిక్షణ ఇస్తున్నారంటే, కొత్తగా సూపర్ మార్కెట్ పెట్టిన మా చెల్లెలి కొడుకు నన్నూ వెంటేసుకొని పోయాడు. హైదరాబాదు నుంచి వచ్చిన కోటు పెద్దమనిషి తెర మీద ఒక నక్కను చూపించాడు. తన గుహలో సింహం దూరిందేమోనని అనుమానం వచ్చిన నక్క, "ఓ గుహా, రోజూ పలకరిస్తావు కదా, ఇవాళ పలకవేం?" అంటుంది. సింహం తొందరపడి తనే పలుకుతుంది. నక్క బతికిపోతుంది. "నాయకుడంటే ఇలా ఉండాలి. పరీక్షించనిదే ఎవరినీ నమ్మకూడదు" అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చెయ్యి లేవలేదు, మా పెదనాయన గుర్తొచ్చాడు.

పెదనాయనకు కోరుట్లలో బీడీల కార్ఖానా ఉండేది. నక్సలైట్ల రోజులవి. అన్నలకు అన్నం పెడితే పోలీసులకు కోపం, పెట్టకపోతే అన్నలకు కోపం. వీధిలో జీపు చప్పుడైతే బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతులు ఆగిపోయేవి. ఈ నక్క కథ పెదనాయనకు వేదం. గడప తొక్కిన ప్రతివాడికీ ఒక దొంగ ప్రశ్న వేసేవాడు. పాలవాడిని "మీ కుంటి బర్రె ఎట్లున్నదిరా?" అంటే, వాడు "మాకు కుంటి బర్రె యాడిది సేటూ?" అనాలి. అప్పుడే పాలు లోపలికి. "పెండ్లిచూపులల్ల నన్ను గూడ గిట్లనే అడిగిండు" అని పెద్దమ్మ నవ్వేది.

సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఒక సేటు ఆయనకు ప్రాణస్నేహితుడు. ఒక మధ్యాహ్నం ఆయన పంపాడంటూ జీపు వచ్చింది. డ్రైవరు కొత్తవాడు, మాట కృష్ణా జిల్లా వైపుది.

"సేటుగారికి గుండెనొప్పండీ. మిమ్మల్ని చూడాలంటున్నారు, వెంటనే రమ్మన్నారు."

చెప్పుల్లో కాలు పెట్టబోయి పెదనాయన ఆగాడు. తెలియని జీపెక్కి తిరిగి రాని మనుషుల గురించి ఊరంతా గుసగుసలే అప్పుడు.

"సేటు బిడ్డకు కబురు పెట్టిండ్రా?" అన్నాడు.

"పెట్టామండీ. దారిలో ఉన్నారు."

సేటుకు ఆడపిల్లలే లేరు. ఉన్నది ఒక్క కొడుకు, బొంబాయి దగ్గర భీవండిలో. "నువ్వు నడువు, నేను ఎనుకనే అస్త" అని జీపును పంపేసి, పెదనాయన తలుపు గడియ పెట్టాడు. "గుహ పలికింది" అన్నాడు మా వైపు తిరిగి. ఆయన తెలివికి ఆ పూట ఇంటిల్లిపాదీ మురిసిపోయాం.

తెల్లారేసరికి సిరిసిల్ల సేటు పోయాడు. మేం వెళ్లేసరికి శవం దగ్గర భీవండి కొడుకు కూర్చుని ఉన్నాడు. "నాయిన నీకోసమే వాకిలి దిక్కు చూసుకుంట పోయిండు పెదనాయినా" అని ఏడ్చాడు. పక్కనే నిలబడ్డ డ్రైవరు పాపం, "బిడ్డకు కబురు పెట్టారా అని అడిగారు కదండీ, ఈ బాబుకే పెట్టాం" అన్నాడు. మా దగ్గర బిడ్డంటే కూతురు. వాళ్ల వైపు కొడుకైనా బిడ్డే. పెదనాయన గోడకు ఆనుకొని అట్లాగే కూలబడ్డాడు.

తర్వాత ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. ఒకరోజు పాలవాడే ఊరడిద్దామని, "సేటూ, కుంటి బర్రె మంచిగనే ఉన్నది" అన్నాడు. పెదనాయన తలూపి గిన్నె ముందుకు జరిపాడు.

శిక్షణ ముగిశాక సందేహాలుంటే అడగమన్నారు. మా చెల్లెలి కొడుకు నన్ను మోచేత్తో పొడిచాడు. ఆ నక్క మళ్లీ తన గుహలో నిద్రపోగలిగిందా అని అడగాలనిపించింది కానీ, లేచి బయటికి నడిచాను. కాలం గడిస్తే భయం పోతుంది. కానీ సేటు వాకిలి దిక్కు చూసిన ఆ సాయంత్రానికి మా ఇంట్లో ఇంకా పొద్దుగూకలేదు.