సందుకు అడ్డంగా కట్టిన విసురువల

మా సందులో ఉండే లెక్కల టీచరమ్మ పోయింది. ఆ కబురు నాకు మనిషి చెప్పలేదు, ఫ్లెక్సీ చెప్పింది. నౌపడలో కూతురింటి నుంచి వచ్చి బస్సు దిగేసరికి సందు మొదట్లో కట్టి ఉంది. అందులో ఆవిడ ముఖం చిన్నది, ట్యూషన్ సెంటరాయన ముఖం పెద్దది. కింద "ప్రియ శిష్యుడు" అని రాసుకున్నాడు.

శిష్యుడన్నంత వరకు నిజమే. మిగతాది నేను రాస్తాను. నా అక్షరాలు వంకర, మాట వంకర కాదు.

ఆవిడ అరుగు మీద ఒక పక్క పిల్లల చదువు, ఇంకో పక్క నా వలల అల్లకం. ఒకరోజు పిల్లలకు అంకశ్రేఢి ఎంతకీ ఎక్కలేదు. ఆవిడ నా ఒళ్ళో ఉన్న విసురువల చూసింది.

"అన్నయ్యా, పైన ఎన్ని కళ్ళతో మొదలెట్టినావు?"

"నలభై."

"సుట్టుకెన్ని పెంచుతావు?"

"నాలుగు."

"అయితే పదో సుట్టుకెన్ని?"

"ఎనభై. ఇదేటి పెద్ద లెక్కా?" అన్నాను మీసం దువ్వుకుని.

"అల్లేసినావు కదా, లెక్కెట్టు."

డెబ్బై ఆరే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టినా అంతే.

"ఎవులో దారం లాగేసినారు!" అన్నాను. పిల్లలు విరగబడి నవ్వారు.

"ఎవులూ లాగలేదు. మొదటి సుట్టులో ఏటైనా పెంచినావా?"

లేదు. పెంచడం రెండో చుట్టు నుంచే. పది చుట్లకు తొమ్మిదిసార్లే పెంచాను. చేతికి తెలిసింది నా నోటికి తెలియలేదు.

"మొదటిదాన్ని మర్సిపోతేనే లెక్క తప్పుతాది" అంది ఆవిడ.

ఆ వల పూర్తిచేసి ఆవిడకే ఇచ్చేశాను. ఏటా కొత్త పిల్లలు దాని కళ్ళు లెక్కపెట్టి నేర్చుకున్నారు. తప్పు చెబితే తిట్టేది కాదు. చెంగుతో పలక తుడిచి "ఇంకోపాలి" అనేది.

ఆ రోజు నా మీద అందరికంటే గట్టిగా నవ్వినవాడే పెద్దయి, మా సందు చివర సెంటరు పెట్టాడు. ఇంటింటికీ తిరిగాడు. "పరీక్షలో వలలు అడగరమ్మా, సూత్రం అడుగుతారు. పెద్దావిడకి మతి తప్పింది" అన్నాడు. తల్లిదండ్రులు నమ్మారు. అరుగు ఖాళీ అయిపోయింది. అయినా ఆవిడ రోజూ ఊడ్చి, సుద్దముక్క పట్టుకుని కూర్చునేది.

"ఒక్క మాట సెప్పు టీచరమ్మా, ఆడి బోర్డు తీసుకెళ్ళి సముద్రంలో పారేస్తాను" అన్నాను.

"వద్దన్నయ్యా. ఆడు సెప్పే సూత్రం తప్పు కాదు కదా. పిల్లలకి వస్తే సాలు."

ఆవిడ క్షమించింది. నేను క్షమించలేదు.

పెద్దకర్మ నాడు అతను నా దగ్గరికి వచ్చాడు. "తాతా, మేడమ్ గుర్తుగా ఆ వల మా సెంటర్లో పెట్టుకుంటాం."

"మతి తప్పినావిడ వల నీకెందుకురా?"

జేబులోంచి ఫోను తీసి చూసుకుంటూ నిలబడ్డాడు. టీచరమ్మ కూతురు లోపలికెళ్ళి వల తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "నీకేటి తోస్తే అది సెయ్యి మావయ్యా" అంది.

మా సందు ఇరుకు. ఆవిడ చూరు నుంచి ఎదురు గోడకు ఆ వలను అడ్డంగా కట్టాను, కింది అంచు ఎత్తు అతన్ని చూసే కొలిచి. సెంటరుకు వేరే దారి లేదు. పిల్లలు దాని కింద నుంచి నిటారుగానే వెళ్ళిపోతారు. కొందరు ఆగి మునివేళ్ళ మీద లేచి కళ్ళు లెక్కపెడతారు.

ఫ్లెక్సీ అప్పుడే ఎండకు వెలిసిపోయింది. అతను పొడగరి. రోజూ పొద్దున్న టీచరమ్మ అరుగు ముందుకు రాగానే తల వంచుతాడు. వంచకపోతే వల అంచున ఉన్న సీసం గుళ్ళు నుదుటికి తగులుతాయి.