దిమ్మలో దూరిన అయస్కాంతం

మా తుక్కు దుకాణం పరువు నా చేతుల మీదుగా గంగలో కలవబోయిన రోజు గురించి చెబుతాను. నవ్వుకోండి, పర్వాలేదు. మంచిర్యాలలో పాత ఇనుము ఏరడంలో నన్ను మించినవాళ్లు లేరని ఇవాళ గొప్పలు పోతున్నానంటే, దానికి పునాది ఆ రోజే పడింది.

అప్పుడే నా డిగ్రీ అయిపోయింది. బాపు కొత్తగా ప్రెస్ మిషన్ తెచ్చాడు. విడి తుక్కు పోస్తే అదిమి, చదరపు దిమ్మ చేసి ఇస్తుంది. మొదటి దిమ్మ చూడటానికి ఇనుము కరిగించే ఫ్యాక్టరీ సేటు వస్తున్నాడు. నచ్చితే ఇక మా సరుకంతా ఆయనకే. నచ్చకపోతే ఆ మిషన్ మీద బట్టలు ఆరేసుకోవాల్సిందే.

"నేనే చేస్త బాపూ, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను.

"ఇత్తడి, అల్యూమినియం ఒక్క ముక్క కలవద్దు బిడ్డా. అయస్కాంతం పెట్టి సూడు. అంటుకున్నదే ఎయ్యి."

సిరిసిల్ల నుంచి వచ్చిన పాత మరమగ్గాల ముక్కలు ఒక్కొక్కటీ పరీక్షించాను. కంసాలి బంగారాన్ని కూడా అంత శ్రద్ధగా చూడడు! అంటుకున్నవన్నీ మిషన్‌లో వేసి మీట నొక్కాను. కరకరమంటూ దిమ్మ బయటికొచ్చింది. పసుపు రాసి బొట్టు పెట్టాను. పెళ్లిపీటల మీద కూర్చోబెట్టొచ్చు, అంత ముద్దుగా ఉంది.

సేటు వచ్చి, తాళంచెవుల గుత్తి దిమ్మ మీద పెట్టి, చుట్టూ తిరిగి చూశాడు. తర్వాత గుత్తి తీయబోతే రాలేదు. గట్టిగా లాగినా రాలేదు. సేటు బాపు వైపు గుర్రుగా చూశాడు.

"రాజన్నా, లోపటేం పెట్టినవ్? బరువు కోసం రాళ్లు, మన్ను పెట్టినోళ్లను మస్తు సూసిన. గిదేంది?"

"కొండగట్టు అంజన్న మీద ఒట్టు సేటూ, ఇనుము తప్ప ఏం లేదు!" బాపు నా వైపు తిరిగాడు. "బిడ్డా, అయస్కాంతం తే, సూపిద్దాం."

దుకాణమంతా వెతికాను. చివరి ముక్కకు అంటుకున్న అయస్కాంతాన్ని ఊడదీశానా? నా చూపు దిమ్మ మీదికి పోయింది.

"ఏదే?"

"లోపలున్నది బాపూ."

సేటు నమ్మలేదు. గడ్డపారలతో దిమ్మను విప్పించాడు. నడుమ ముక్కలైన మా అయస్కాంతం, చుట్టూ ఇనుము. రాయి లేదు, మన్ను లేదు, ఇత్తడి మేకు కూడా లేదు. సేటు కడుపు పట్టుకుని నవ్వాడు.

"గింత సాఫ్ సరుకు ఎన్నడు సూడలే. గింత పిచ్చిపిల్లను కూడా సూడలే! రేపే లారీ పంపిస్త."

బాపు కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు కొత్త అయస్కాంతానికి తాడు కట్టి నా మెళ్లో వేశాడు. "ఇగ ఇది లోపటికి పోవాల్నంటే నువ్వు కూడా పోవాలె!"

మా ఆయన తాళి కట్టింది ఆ తర్వాతే. అందుకే ఆ మొదటి తాడు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బతికున్నంత కాలం, మెడ తడుముకోకుండా మీట నొక్కను.