నాగభూషణం సేటు చెప్పిన సదస్సు ముచ్చట

హనుమకొండ చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే నాగభూషణం సేటుకు సేవా క్లబ్బు కోటు అంటే ప్రాణం. దానికి గుచ్చిన పిన్నుల బరువుకు ఎడమ భుజం జారి, తూకం తప్పిన త్రాసులా నడుస్తాడు. ఏటా ప్రాంతీయ సదస్సు నుంచి రాగానే, క్లబ్బు మీటింగులో అనుభవాలు చెప్పే మొదటి వంతు ఆయనదే. మైకు అందితే ఆయన కోతలకు భద్రకాళి చెరువు కూడా నిండి పొర్లి మత్తడి దుంకాల్సిందే. "పదివేల మంది వచ్చిండ్రు" అనగానే, ఆడవాళ్ల వరుసలోంచి భార్య శకుంతలమ్మ "యాడి పదివేలు? కుర్చీలే ఐదొందలు" అనేది. హాలంతా నవ్వేది. సేటు మీసం దువ్వి, "నిలబడ్డోళ్లను నువ్వు లెక్కవెట్టలే" అనేవాడు.

ఎండాకాలంలో శకుంతలమ్మ చనిపోయింది. ఈసారి ఖమ్మం సదస్సుకు సేటు ఒక్కడే వెళ్లొచ్చాడు. మీటింగులో మైకు అందుకుని, "ఇరవై వేల మంది" అన్నాడు. అందరూ తలూపారు. "భోజనంల నూటపది రకాలు" అన్నాడు. పాపమని చప్పట్లు కొట్టారు. గొంతు ఇంకా పెంచి, "మన బ్యానర్ జూసి హెలికాప్టర్ కిందికి దిగింది" అన్నాడు. కళ్లు మాత్రం ఆడవాళ్ల వరుస మీదే ఉన్నాయి. అక్కడ అందరూ తలలు వంచుకున్నారు.

క్లబ్బు అధ్యక్షుడు జీవన్ మెల్లగా, "నిజమే సేటూ, మేం గూడ జూసినం" అన్నాడు.

సేటు మైకు దించేశాడు. "ఏం జూసిండ్రయ్యా? ఒక్కలన్న అబద్ధమనరేంది?"