మా కొట్టు ఫోను ఎంగేజ్

మిర్చి ధర పడిపోయిన రోజు రిసీవరు తీసి పక్కన పెట్టడం మా వీధి కమీషన్ కొట్లలో అందరూ చేసే పనే. సరుకు ఎత్తమంటారా, వద్దంటారా అని ఊళ్లోంచి రైతు ఫోన్ చేస్తాడు. నిజం చెబితే ఎత్తడు. అబద్ధం చెబితే రేపు మొహం చూపించాలి. ఎంగేజ్ వస్తే ఆ రెండు బాధలూ ఉండవు. రైతు విసిగిపోయి, తెగించి, సరుకుతో సహా తనే గుంటూరొచ్చేస్తాడు. మా నాన్న మాత్రం ఏనాడూ రిసీవరు పక్కన పెట్టలేదు. ఆయన గొప్పగా చెప్పుకునేది అదొక్కటే.

నా గొప్పలు వేరు. నేను బేరానికి దిగితే కూరలమ్మి గంప దించి, కొంగుతో మొహం తుడుచుకుని, స్థిమితంగా కూర్చునేది.

అప్పటికింకా ఇంటర్నెట్ ఫోను తీగ మీదే వచ్చేది. కింద కొట్లో ఒక కంప్యూటరు, పైన ఇంట్లో నాదొకటి. రెండిటికీ రెండు కనెక్షన్లు తీసుకునే రకాన్ని కాదు నేను. కిందదానికి మోడెం పెట్టించి, కిటికీలోంచి పైకి కేబుల్ లాగి, ఒకే కనెక్షన్ని రెండిటికీ పంచాను. పైన నేనేది తెరిచినా, కింద మోడెం తనంతట తనే డయల్ చేసి కలిపేది. కలిపేటప్పుడు అది పెట్టే కీచుగోలకి కొట్టుకొచ్చినవాళ్లు ఉలిక్కిపడుతున్నారని నాన్న అంటే, దాని గొంతు కూడా నొక్కేశాను. అదీ నా తెలివి.

ఆ ఏడు ధర జారుతున్న వారంలో నేను రోజూ పొద్దున్నే పైన క్రికెట్ స్కోర్లు చూసుకుంటూ కూర్చున్నాను. కింద నాన్న ఫోను పక్కనే కూర్చుని, ఒక్క రైతూ చెయ్యడేమిటా అని ఎదురుచూశాడు.

మార్టూరు వైపు పెద్దాయనొకరు నాన్న పెళ్లికి ముందు నుంచీ మా కొట్టుకే సరుకు వేసేవారు. ఆ వారం ఆయన బస్తాలు ఎదురు కొట్లో దిగాయి. నాన్న చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు దాటాడు. వెనకే నేను.

"మీరూ మొదలెట్టారా షావుకారు గారూ," అన్నాడాయన, కోపమేమీ లేకుండా. "రోజూ పొద్దున్నే చేస్తన్నా. ఎంగేజే."

ఫోను పెట్టేసే ఉందని నాన్న ఒట్టేశాడు. ఆ మాట మరీ పచ్చి అబద్ధంలా వినపడింది. అప్పుడు వెలిగింది నాకు, పైన నేను ఇంటర్నెట్లో ఉన్నంతసేపూ కింద ఫోను ఎంగేజేనని. మోడెం అన్నాను, కేబుల్ అన్నాను, ఇంటర్నెట్ అన్నాను. తాలు కాయల్ని మేలు రకమని ఒప్పించే నోరు నాది. ఒక్క నిజాన్ని అమ్మలేకపోయింది.

కళ్లారా చూస్తే నమ్ముతాడని ఆయన్ని మా కొట్టుకు తీసుకొచ్చాను. పైకెళ్లి ఏదో పేజీ తెరిచి, పరిగెత్తుకుంటూ దిగి, రిసీవరు ఆయన చెవికి ఆనించాను. లోపల ఒకటే రొద. శ్రద్ధగా విన్నాడు. కేబుల్ ఎటు పోతోందో కిటికీ దాకా చూశాడు.

"బాగుందబ్బాయ్. ఇంక రిసీవరు తియ్యక్కర్లేదన్నమాట. చూసినోళ్లకి ఫోను పెట్టేసినట్టే ఉంటది."

వెటకారం కాదు. నిజంగానే మెచ్చుకున్నాడు. అవతల కాటా వేస్తున్నారంటూ, నాన్న వైపు చూడకుండా రోడ్డు దాటి వెళ్లిపోయాడు. నాన్న నన్ను తిట్టలేదు. ఫోను మీది దుమ్ము తుడిచి, కాస్త తన దగ్గరకు జరుపుకున్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, పనేమీ లేకపోయినా బల్ల కిందికి దూరి మోడెం తీగ పీకి, చుట్ట చుడుతూ అక్కడే ఉండిపోయాను.

సాయంత్రం ఎదురు కొట్టాయన వచ్చాడు. నాన్నని పలకరించి, నా భుజం మీద చెయ్యేసి గుమ్మం దాకా నడిపించాడు.

"ఏరా, ఆ మిషనేదో మాకూ పెట్టించకూడదూ? ఎంతవుద్దో నువ్వే చెప్పు."

లోపల నాన్న పేపరు తిప్పడం ఆపేశాడు.

"అలాంటిది మా దగ్గర లేదు బాబాయ్," అన్నాను.

ఆయన నవ్వి, నా వీపు తట్టాడు.

"ముందు లేదనే అంటావులే, నీ సంగతి నాకు తెలీదా? రేపు తీరిగ్గా మాట్లాడుకుందాం."