గడపలో కాలు పెట్టే వేళ

నిన్న మా టికెట్ల ఆఫీసులో కూర్చున్న ఒకాయన, హైదరాబాద్ నుంచి దోహా ఎంత దూరమని తన ఫోన్‌నే అడిగాడు. మూడు వేల కిలోమీటర్లలోపు, విమానంలో నాలుగు గంటలు అని అందులోని గొంతు గడగడా చెప్పేసింది. ఆ తొందర ఒకప్పుడు నాదే. వింటుంటే నర్సింలు సార్ గుర్తొచ్చి చేతిలో పని ఆగిపోయింది.

సార్ దోహాలో చాలా ఏళ్లు లారీ నడిపి వచ్చి, మెదక్ బస్టాండు దగ్గర ఈ ఆఫీసు పెట్టారు. డిగ్రీ కాగానే నన్ను పనిలోకి తీసుకున్నారు. ఎన్ని గంటల ప్రయాణమని ఎవరడిగినా ఆయన ముందు ఊరి పేరు అడిగేవారు. గడియారాల తేడా, ఎయిర్‌పోర్టులో లైన్లు, పెట్టెల కోసం నిలబడడం, నర్సాపూర్ మీదుగా కారులో రావడం అన్నీ కలిపి, పైన ఇంకో గంట వేసి చెప్పేవారు. "విమానం ముచ్చట మనకొద్దు బిడ్డా. మనిషి ఇంటి గడపల కాలు పెట్టే యాళ్ల చెప్పాలె" అనేవారు. నాలుగు గంటల ముక్కకు ఇంత తతంగమా అని నేను లోపల నవ్వుకునేదాన్ని.

ఒక ఉదయం మెదక్ దగ్గరి కుల్చారం నుంచి సుజాత అనే ఆమె ఫోన్ చేసింది. తెల్లవారుజామున వాళ్లమ్మ పోయింది. అన్న మల్లేశం దోహాలో ఏడింటికి విమానం ఎక్కుతున్నాడు. ఆ టికెట్ సార్ ఇంటి నుంచే తీశారు. అన్న ఎప్పుడొస్తాడో చెబితే అంతవరకు తల్లి శవాన్ని ఎత్తకుండా ఆపుతారట. సార్ ఇంకా ఆఫీసుకు రాలేదు. ఏడుకు నాలుగు కలిపితే పదకొండు, రోడ్డుకు ఇంకో మూడు గంటలు, రెండింటికల్లా ఇంట్లో ఉంటాడని చెప్పేశాను. అక్కడ ఏడంటే మనకు తొమ్మిదిన్నర అని నాకు తట్టనే లేదు.

రెండయింది, మూడయింది. మల్లేశం దోహా నంబరు ఇక్కడ కలవలేదు. విమానం అందలేదేమోనని, పొద్దుగూకేలోపు కానివ్వాలని పెద్దలు తొందరపెట్టారు. చిన్నాయన కొడుకు తలకొరివి పెట్టాడు. ఐదింటికి మల్లేశం వచ్చేసరికి చితి మండుతోంది. సాయంత్రమని చెప్పి ఉంటే ఆగేవాళ్లమే కదా అని సుజాత ఫోన్లో ఏడ్చింది.

సార్ నన్ను బండి మీద కుల్చారం తీసుకెళ్లారు. మల్లేశం ముందు నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "నేను చెప్పమన్న టైమే పిల్ల చెప్పింది మల్లేశం. తప్పు నాది" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు నేను వెనక కూర్చుని ఏడుస్తుంటే, బండి మెల్లగా నడిపారు. మర్నాడు ఆఫీసు ఫోన్ తెచ్చి నా ముందే పెట్టి, ఇక అందరికీ నన్నే టైము చెప్పమన్నారు. తిట్టి ఉంటే బహుశా మానేసేదాన్ని. ఆయనంటే నాకు ప్రాణమైంది ఆ రోజే.

పోయినేడాది సార్ పోయారు. కబురు తెలిసి మల్లేశం దోహా నుంచి ఫోన్ చేశాడు. సార్ చాలా మంచివాడని, ఆ ఒక్కనాడే లెక్క తప్పాడని అన్నాడు. ఇక దాచలేకపోయాను.

"తప్పింది సార్ కాదన్నా, నేను. సార్‌ను అడగకుండనే చెప్పిన."

"వచ్చే నెల వస్తున్న చెల్లె. ఇంటికి ఎన్నింటికి చేరుతనో నువ్వే చెప్పు. పిల్లలు అడుగుతున్నరు" అన్నాడు.

కాగితం మీద రెండుసార్లు కూడి చెప్పాను. ఇప్పటికీ ఎవరికి టైము చెబుతున్నా, కళ్ల ముందు మల్లేశం తల్లి ముఖం ఉంటుంది. ఆమెను నేనెన్నడూ చూడలేదు.