సన్యాసమ్మ పత్యం

మల్కాపురంలో పోర్టు కలాసీలుండే ఆ సందులో ఎవరింట పురుడొచ్చినా ముందు కబురు సన్యాసమ్మకే. ఆవిడ మంత్రసాని కాదు. బిడ్డను తియ్యడం ఆసుపత్రివాళ్ళ పని, ఇంటికొచ్చిన బాలింతను నిలబెట్టడం తన పని అనేది. చెవుల్లో దూది, నడుముకి గుడ్డ, పొద్దున్నే శొంఠీ మిరియాలూ దంచి చేసిన కాయం ముద్ద, వెల్లుల్లి కారంతో అన్నం. అన్నిటికన్నా ముఖ్యం నీళ్ళ కట్టడి. బాలింత కడుపారా నీళ్ళు తాగితే ఒంటికి నీరు పడుతుందని ఆవిడ నమ్మకం. పూటకి చిన్న గ్లాసుతో కాచిన నీళ్ళు, అంతే. దాహమని ఏడిస్తే తడిగుడ్డతో పెదాలు తుడిచేది. ఆ బాలింతలే తరవాత లేచి తిరుగుతూ, ఆవిడ కనిపిస్తే దండం పెట్టేవారు. వాళ్ళు లేచింది ఆవిడ పత్యం వల్లనా, ఆ పత్యాన్ని తట్టుకునా అని సందులో ఎవరూ అడగలేదు.

మొగుడు పోయాక ఎస్.కోట దగ్గర పల్లె వదిలి, పోర్టులో కలాసీగా చేరిన కొడుకు జగ్గారావు దగ్గరికి వచ్చిందావిడ. అంత పేరు తెచ్చుకున్న మనిషికి సొంత కోడలి పురుడే తలవంపులు తెచ్చింది. అది డెబ్భై ఎనిమిదో సంవత్సరం. కోడలు నూకాలుకి తల్లి లేదు గనక అత్తవారే పురుడు పోశారు. మగపిల్లాడు. సందంతా బెల్లం పంచారు.

నూకాలు మాత్రం పిల్లాడికేసి చూసేది కాదు. ఒళ్ళో పెడితే పాలిచ్చేది, తీసేస్తే ఊరుకునేది. నిద్రలేదు. గోడవైపు తిరిగి పడుకుంటే దిండు తడిసేది. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. ఒకనాడు బియ్యంలో రాళ్ళేరుతూ, కూరకేం చెయ్యమంటావని అడిగినంత మామూలుగా అంది:

"నాను నూతిలో పడిపోతే ఈడికి నువ్వున్నావు కదత్తా."

ఆ సాయంత్రమే సన్యాసమ్మ పెరటి నూతిమీద రేకు వేసి, దానిమీద బండరాయి ఎత్తించింది. బిందెడు నీళ్ళు కావాలన్నా మగాడొచ్చి రాయి దింపాలి. ఎందుకలా అని ఎదురింటి గురువమ్మ అడిగితే పిల్లులు పడుతున్నాయని చెప్పింది. ఆ సందులో పిల్లుల్లేవు.

తోటి కలాసీ ఒకడు చెప్పగా జగ్గారావు పెళ్ళాన్ని ఊళ్ళో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. సందులో మాత్రం కళ్ళ పరీక్షకన్నాడు. గురువమ్మ కనపడ్డప్పుడల్లా అద్దాలేవని అడుగుతూంటే తట్టుకోలేక, వన్ టౌన్‌లో రోడ్డుపక్కన ఉత్త అద్దాల జోడొకటి కొని నూకాలు ముక్కున పెట్టాడు. పాపం, ఆ పిల్ల అవి పెట్టుకుని కూడా గోడకేసే చూసేది.

పురిటి తరవాత కొందరికి ఇలా మనసు కుంగడం జబ్బేననీ, మాత్రలతో తగ్గుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. గుణం కనపడ్డానికి వారాలు పడుతుంది, మధ్యలో మానకూడదంది. సన్యాసమ్మ రోజూ తన చేత్తోనే కోడలి నోట్లో మాత్ర వేసి, గుక్కెడు నీళ్ళు పోసేది. మనిషి తేరుకోలేదు కాబట్టి పత్యం ఇంకా బిగించింది. మూడో నెల వచ్చినా నీళ్ళ కట్టడి సడలలేదు. మాత్రా పడుతోంది, పత్యమూ నడుస్తోంది, కోడలు మాత్రం రోజురోజుకీ వత్తిలా సన్నబడుతోంది. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో పెట్టాల్సిందేనని డాక్టరమ్మ అంది. అక్కడికెళ్ళిన మనిషి మళ్ళీ ఇల్లు చేరదని సన్యాసమ్మ భయం.

ఓ మధ్యాహ్నం పిల్లాణ్ణి పడుకోబెట్టి పెరట్లోకొచ్చేసరికి, నూకాలు స్నానాల తడిక వెనక ఇత్తడి బేసిన్‌లో మొహం పెట్టి ఉంది. అందులో ఉన్నవి పిల్లాడికి స్నానం చేయించగా మిగిలిన నీళ్ళు. సన్యాసమ్మ పరుగున వెళ్ళి జడ పట్టి వెనక్కి లాగింది. నూకాలు చావడం లేదు. తాగుతోంది. గడ్డం మీద సున్నిపిండి నురగ.

"ఏటే ఇది? ఏటి సేత్తన్నావే?"

"దాహవత్తా." నూకాలు మొహం దాచుకోలేదు. "ఆ మాత్ర ఏసుకుంటే నోరెండిపోయి నాలిక అంగిటికి అంటుకుపోతంది. నీలడిగితే నువ్వు తిడతావు. అందుకని నువ్వటు తిరగ్గానే మాత్ర ఉమ్మేత్తన్నాను. అయినా ఈ దాహం తీరనేదు."

సన్యాసమ్మ తడి నేలమీదే చతికిలబడింది. సాయంత్రం డ్యూటీ దిగొచ్చిన కొడుకుని చొక్కా అయినా విప్పనివ్వలేదు. మాత్రకి నోరెండుతుందని డాక్టరమ్మ చెప్పలేదా అని నిలదీసింది. చెప్పిందనీ, నీళ్ళు బాగా తాగించమందనీ వాడు నసిగాడు.

"మరి నాకు సెప్పనేదేటిరా?"

"నీ పత్యానికి అడ్డు సెప్పే మొగోడు ఈ సందులో ఎవడున్నాడే అమ్మా?"

సన్యాసమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, తలుపు వెయ్యడం కూడా మరిచి, కోడలి నోటికందించింది. నూకాలు ఊపిరి తీసుకోకుండా తాగింది. ఎదురు గుమ్మంలో గురువమ్మ చూసింది. తెల్లారేసరికి, సొంత కోడలికి చెంబుడు నీళ్ళు తాగించిన మనిషి మన ఆడపిల్లల్ని ఎండబెట్టిందన్న మాట సందు చివరిదాకా వెళ్ళింది. అందులో అబద్ధమేమీ లేదు గనక ఆవిడ తగువుకి పోలేదు. తరవాతి పురిటికి ఎవరూ పిలవలేదు. ఆ తరవాతి దానికీ అంతే.

మాత్రలు మళ్ళీ మొదటినుంచి. మింగాక నోరు తెరిపించి నాలిక కింద చూసేది. కోడలు కూడా చంటిపిల్లలా నోరు తెరిచేది. ఇద్దరికీ అది సిగ్గుగానే ఉండేది. రోజులు గడుస్తున్నా ఏ మార్పూ లేదు. వర్షాలు పట్టాయి. నూతి మీద రాయి అలాగే ఉంది. ఒక్కోసారి సన్యాసమ్మ కోడలి పక్కనే కూర్చుని, తనూ గోడకేసి చూసేది.

ఒకరోజు పొద్దున్న సన్యాసమ్మ పిల్లాడి ఒంటికి ఆముదం రాస్తోంది. నూకాలు గోడవైపునుంచి ఇటు తిరిగింది. వాణ్ణి చాలాసేపు చూసింది.

"అత్తా, ఈడిది ఎవరి పోలిక?"

నాలుగు నెలలు దాటిన పిల్లాడు. సన్యాసమ్మ నూనె చేతుల్ని చీరకి తుడుచుకుని, "ముక్కు మీ మావది. సప్పిడి ముక్కు" అంది.

నూకాలు నవ్వలేదు. ఇంకొంచెం దగ్గరికి జరిగి, ఆ ముక్కుకేసే చూస్తూ ఉండిపోయింది.