మామిడి చెక్కకు టేకు రంగు

వడ్రంగి బ్రహ్మచారికి చెదపురుగు పేరెత్తితేనే ఒళ్ళు మండుతుంది. పామంటే వణికేవాళ్ళుంటారు, బల్లిని చూసి గెంతేవాళ్ళుంటారు. ఆయనది భయం కాదు, అచ్చమైన అసహ్యం. బోయిగూడలో కట్టె డిపోల మధ్య పుట్టి, అరవై రెండేళ్ళ బతుకులో యాభై ఏళ్ళు ఉలి పట్టిన మనిషి. చేసిన తలుపులెన్నో ఆయనకే గుర్తులేదు గానీ, చెదలు తిన్న తలుపులు మాత్రం ఒక్కొక్కటీ గుర్తే. పైకి తలుపు నున్నగా నిలబడి ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి దిగిపోతుంది. ఆ మెత్తదనం తగిలిన రోజున చేతులు రెండుసార్లు కడుక్కుంటే గానీ చాయ్ కూడా ముట్టేవాడు కాదు.

అలాంటి మనిషి తిరుమలగిరిలో ఒక ప్రైవేటు బడిలో బెంచీలు, తలుపులు బాగుచేసే పనిలో ఉన్నాడు. ఒకరోజు విరిగిన కుర్చీ కోసం మూడో తరగతి గదిలోకి వెళ్ళేసరికి టీచరు బల్ల మీద అద్దాల పెట్టె కనిపించింది. పెట్టెలో తడిమట్టి, మట్టిలో తెల్లగా మెదులుతూ చెదలు. పిల్లలందరూ పెళ్ళిపందిట్లో లడ్డూల పళ్ళెం చుట్టూ మూగినట్టు దాని చుట్టూ మూగారు.

"ఏందీ మేడం గిది! మంచిగ అద్దాలు బిగించి ఈ దరిద్రాన్ని సాదుతున్నరా? జెర కిరోసిన్ తెప్పించుండ్రి, ఇప్పుడే ఖతం చేస్తా" అన్నాడు బ్రహ్మచారి.

సైన్సు చెప్పే అనుపమ టీచరు నవ్వింది. "చంపొద్దు చారిగారూ. పుస్తకంల బొమ్మ చూపిస్తే ఏమొస్తది? కండ్లతోటి చూడనియ్యుండ్రి. మీతోనే పనుండె నాకు. నాలుగు రకాల చెక్కముక్కలు కావాలె. ఏది తింటయో, ఏది తినవో పిల్లలే చూసి రాస్తరు."

చెదలకు తన చేత్తో తిండి పెట్టడమా అని సణుక్కున్నాడు. అయినా మర్నాడు తెచ్చాడు. వేప, మామిడి, ప్లైవుడ్డు, పాత రైల్వే క్వార్టర్ల తలుపులోంచి తీసిన ముదురు టేకు. టేకుముక్కను పిల్లల ముందు పట్టుకుని, "ఇది చేవ దేలిన టేకు. దీన్ని చెదలు ముట్టనే ముట్టవు" అని గొప్పగా చెప్పాడు.

"నీకెట్ల తెలుసు తాతా?" అంది లాస్య. ఎనిమిదేళ్ళది, ముందు పళ్ళు రెండు లేవు.

"యాభై ఏండ్ల సంది గిదే పని బిడ్డా."

"అయితే చూసినంక రాస్త" అంది ఆ పిల్ల, పెన్సిలు చెవి మీద పెట్టుకుని.

ఆ తర్వాత బెంచీ బోల్టు పేరు చెప్పి, కిటికీ గొళ్ళెం పేరు చెప్పి, రోజూ ఆ గదికి వెళ్ళడం మొదలుపెట్టాడు. పిల్లలు చెదలను అరచేతుల మీద పాకించుకుంటుంటే మొహం అటు తిప్పుకునేవాడు. పెట్టెలోకి చూడకుండా మాత్రం ఉండలేకపోయేవాడు. రెండో వారానికి ప్లైవుడ్డు పొరలు పొరలుగా ఊడింది. మూడో వారానికి మామిడి డొల్ల అయిపోయింది. వేపను కాస్త కొరికి వదిలేశాయి. టేకు పెట్టినది పెట్టినట్టే ఉంది. లాస్య దాన్ని తిప్పి తిప్పి చూసి నోట్‌బుక్కులో రాసుకుంది. ఎవరో సన్మానం చేసినంత సంతోషం కలిగింది బ్రహ్మచారికి.

ఆ సంతోషం మూడు రోజులు కూడా నిలవలేదు.

బడి వెనక 'ప్రకృతి గది' అని ఒకటుంది. రెండేళ్ళ కిందట కట్టించారు. తలుపులు, కిటికీలు అన్నీ అసలైన టేకువని గోడమీద బోర్డు. వాటిని చేసింది బ్రహ్మచారే. అప్పుడు లారీలో దిగింది మామిడి చెక్క, అది కూడా సగం పచ్చిది. "ఇది టేకు కాదు సార్" అని ఈయన అంటే, బడి నడిపే విజయేందర్ భుజం తట్టి, "పోరగాండ్లకు టేకేంది, మామిడేంది చారీ? రంగు కొట్టు. ఎవనికి ఎరుకైతది?" అన్నాడు. కొట్టాడు. ఊరికే కొట్టలేదు. సన్నటి కుంచెతో టేకు గీతలు కూడా దించాడు. అంత శ్రద్ధగా చేశాడు ఆ పాడుపని. పని ఉంటుందో ఊడుతుందోనన్న భయంతో ఒప్పుకున్నాడనుకుందాం. మరి ఆ గీతలు గీయమని ఎవరడిగారు? ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా తన మీద తనకే రోత పుట్టేది.

చెదలు బయట ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకమని టీచరు పిల్లలను బడి ఆవరణలోకి పంపింది. లాస్య పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ప్రకృతి గది దగ్గరికి లాక్కుపోయింది. ద్వారబంధం మీద కింది నుంచి పైకి సన్నటి మట్టిదారి.

"టేకును ముట్టవన్నవ్ గద తాతా. మా పెట్టెల సుత ముట్టలే. మరి గిదేంది?"

నిజం నోటిదాకా వచ్చింది. ఆఫీసు కిటికీలోంచి విజయేందర్ చూస్తున్నాడు. "అన్ని టేకులు ఒక్క తీరుంటయా బిడ్డా" అని నసిగాడు బ్రహ్మచారి. ఆ పిల్ల పెన్సిలు మొనతో మట్టిని గీకింది. లోపల తెల్లగా పురుగులు. చాలాసేపు చూసి, నోట్‌బుక్కులో రాసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం విజయేందర్ పిలిచాడు. "శనివారం తల్లిదండ్రులు వస్తరు. చెదలమందు కొట్టి, మట్టి గీకి, మీదికెల్లి ఇంకోసారి రంగెయ్యి."

శుక్రవారం ఆయన అదీ చేశాడు. రాత్రి భార్య కమలాబాయి కంచం ముందు పెడితే ముద్ద దిగలేదు. "ఏమైందయ్యా, చెయ్యి అట్ల వాసన చూస్కుంటవ్?" అందామె. రంగు వాసన సబ్బుకు పోవడం లేదు.

శనివారం మూడో తరగతి పిల్లలు తమ చార్టును ప్రకృతి గది గోడకే తగిలించారు. తల్లిదండ్రులు ఫోన్లు ఎత్తి ఫోటోలు తీస్తున్నారు. బ్రహ్మచారి చార్టు చదివాడు. లాస్య గుండ్రటి అక్షరాలు. 'పెట్టెలో టేకును చెదలు తినలేదు. ప్రకృతి గదిలో టేకును తిన్నాయి. కాబట్టి మా ప్రయోగం తప్పు.'

మళ్ళీ చదివాడు. మూడు వారాలు పూట తప్పకుండా చూసి, ఉన్నది ఉన్నట్టు రాసిన పిల్లలు. తప్పు మాదేనని తలవంచుకుని రాశారు. వాళ్ళ కళ్ళ మీద వాళ్ళకే నమ్మకం పోయేలా చేసింది ఎవరు? కుంచెతో గీతలు గీసిన పెద్దమనిషి కాదూ?

లాస్య చార్టు పక్కన నిలబడి, "మా ప్రయోగం సరిగ్గ రాలేదు సార్" అని వచ్చినవాళ్ళకు చెబుతోంది. ఒక తండ్రి ముద్దుగా దాని బుగ్గ గిల్లి, "పర్వాలేదమ్మా, చిన్నపిల్లలు గద" అన్నాడు. పక్కనే విజయేందర్ కూడా నవ్వాడు.

ఆ నవ్వు చూశాక ఇక ఆగలేకపోయాడు బ్రహ్మచారి. సంచిలోంచి పెద్ద ఉలి తీసి నిన్న రంగేసిన ద్వారబంధంలోకి పొడిచాడు. సుత్తితో కొట్టాల్సిన అవసరం కూడా రాలేదు. ఉలి పిడిదాకా దిగింది. ఒక్కసారి మెలితిప్పి లాగితే మూరెడు చెక్క ఊడి కిందపడింది. మందు అందని లోపలి పొరల్లోంచి చెదలు జలజలా రాలాయి. తల్లులు చీరలు ఎత్తిపట్టుకుని "ఛీ ఛీ" అంటూ వెనక్కి జరిగారు. పిల్లలు ముందుకు జరిగారు.

"చారీ! దిమాగ్ ఖరాబయ్యిందా?" అని అరిచాడు విజయేందర్.

బ్రహ్మచారి ఆయనవైపు చూడలేదు. ఊడిన ముక్కను లాస్య చేతికిచ్చి, లోపలి వైపు తిప్పి చూపించాడు. "మీ ప్రయోగం మంచిగనే వచ్చింది బిడ్డా. ఇది టేకు కాదు, మామిడి. టేకు రంగేసింది నేనే. నిన్న మళ్ళ వేసింది సుత నేనే."

అనుపమ టీచరు కళ్ళు తుడుచుకుంది. లాస్య మాత్రం ముక్కను రెండువైపులా పరీక్షగా చూసి, చార్టులో 'తప్పు' అన్న మాటను కొట్టేసింది. తర్వాత తలెత్తి అడిగింది.

"పక్క దర్వాజ సుత గింతేనా తాతా?"

ఆ పిల్ల ఒక్క ద్వారబంధంతో సరిపెట్టుకుని ఉంటే, పొరపాటున ఒక చెక్క కలిసిందని రేపు ఎవరైనా సర్దిచెప్పి ఉండేవారు. బ్రహ్మచారి ఉలి కింద పెట్టి ఆ పిల్ల ముందు కూర్చున్నాడు.

"పక్కదే గాదు బిడ్డా. మూడు దర్వాజలు, ఆరు కిటికీలు, లోపటి అల్మారలు, అన్నీ..."

"జెర మెల్లగ చెప్పు తాతా" అంది లాస్య. "రాస్కుంటున్న."